టిక్కులు పెట్టడమేనా? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సర్వే ఇన్వెస్టిగేటర్ పని

మీ ఊరు టెక్కలి దగ్గర, డిగ్రీ అయింది. ఓ పరిశోధన సంస్థ ఇంటింటి సర్వేకి ఇన్వెస్టిగేటర్లను తీసుకుంటోంది, ఆరు రోజులు ట్రైనింగు. "ట్యాబ్‌లో ప్రశ్న చదివి టిక్కు పెట్టడమే" అంటున్నారు, నిజమేనా అని మీ ప్రశ్న. టిక్కు పెట్టడం రెండో రోజుకే వచ్చేస్తుంది. అసలు కష్టం వేరే చోట ఉంది. ఏ ఇంటికి వెళ్ళాలి, ఆ ఇంట్లో ఎవరిని అడగాలి, ఏ మాటలతో అడగాలి అనేవి మూడూ మీ ఇష్టానికి వదిలిన విషయాలు కావు. దగ్గర్లో ఉన్న ఇల్లు, అరుగు మీద తీరిగ్గా కూర్చున్న మనిషి, నోటికి తేలిగ్గా వచ్చే మాట... వీటికి లొంగిన చోటల్లా సర్వే పాడవుతుంది. ఎంత పాడయిందో ఆ సాయంత్రం మీకు తెలీదు. ఆర్నెల్ల తర్వాత లెక్క వేసేవాళ్ళకి తెలుస్తుంది.

ముందు ఊరు సంగతి. పెద్ద సర్వేల్లో పల్లెల ఎంపిక 2011 జనాభా లెక్కల జాబితా నుంచి జరుగుతూ వచ్చింది. ఆ జాబితాలో శ్రీకాకుళం జిల్లా కోడ్ 542, విజయనగరం 543. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి పోయాయి, రాజాం విజయనగరంలో కలిసింది. ట్యాబ్‌లో పాత కోడ్ ఉంటుంది, ఆధార్ మీద ఒక జిల్లా ఉంటుంది, సచివాలయం బోర్డు మీద ఇంకోటి ఉంటుంది. ప్రాజెక్టు ఏ సరిహద్దులు వాడుతోందో ట్రైనింగులోనే అడిగి రాసుకోండి. ఫీల్డులో ఎవరి తెలివి వాళ్ళు వాడితే ఒకే మండలం రెండు జిల్లాల్లో తేలుతుంది.

జాబితాలో ఉండేది రెవెన్యూ గ్రామం. దానికి శివార్లుంటాయి, అంటే పెద్దూరికి విడిగా ఉండే చిన్న పల్లెలు. బీచి ఒడ్డున పేటలు, పాలేలు, మెళియాపుట్టి, మందస వైపు గూడలు. పంచాయతీ ఆఫీసులో అడిగితే పెద్దూరి వీధులే ముందు చెప్తారు. శివార్లన్నీ పేరుపేరునా అడిగి, ఒక్కోదాని దగ్గరికీ నడిచి వెళ్ళి చూడాల్సిందే. హిరమండలం రిజర్వాయరు కింద పోయిన ఊళ్ళలాంటివి కాగితం మీద ఉంటాయి, నేల మీద ఉండవు. జనం పునరావాస కాలనీల్లో ఉంటారు. అలాంటి ఊరు తగిలితే కాలనీకి వెళ్ళిపోవాలా, వదిలేయాలా అన్నది సూపర్‌వైజరు తేల్చాలి, మీరు కాదు. భోగాపురం, రణస్థలం వైపు దీనికి ఎదురు సమస్య. పాత జాబితాలో రెండొందల గడపలున్న ఊరికి ఇప్పుడు రెండు కొత్త లేఅవుట్లు, వాటి నిండా అద్దె గదులు.

ఇక ఇళ్ళ లిస్టింగు, అంటే ఊళ్ళో ఉన్న ఇళ్ళన్నిటికీ జాబితా రాయడం. సర్వే చేసే కొన్ని ఇళ్ళని (నమూనా) ఆ జాబితాలోంచే ఎంచుతారు. ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే. నా లెక్కలో ట్రైనింగులో సగం రోజులు దీనికే ఇవ్వాలి, కానీ ఎవరూ ఇవ్వరు. ఊరి స్కెచ్ గీస్తారు. ఒక మూల మొదలుపెట్టి, కుడి చేతి వైపు ఇళ్ళు వదలకుండా, ప్రతి కట్టడానికీ సుద్దతో నంబరు వేస్తూ పోతారు. మనవైపు పాత వీధుల్లో పెంకుటిళ్ళు గోడ గోడ కలిపి ఒకే వరసగా ఉంటాయి. బయటినుంచి ఒక పొడవాటి ఇల్లే. లోపల అన్నదమ్ములు విడిపోయి నాలుగు పొయ్యిలు పెట్టుకుని ఉంటారు. "ఇందులో ఎన్ని కుటుంబాలు?" అని అడిగితే "అందరం ఒకటే" అంటారు. "ఎన్ని చోట్ల వండుకుంటారమ్మా?" అని అడగాలి. వంట వేరైతే కుటుంబం వేరు. తాళం వేసిన ఇంటికీ, షాపు వెనక గదికీ, బడి పక్కన వాచ్‌మన్ గుడిసెకీ నంబరు పడాలి. ఖాళీ ఇల్లా, మనుషులుండి బయటికెళ్ళిన ఇల్లా అన్నది పక్కింట్లో అడిగి వేరుగా రాయాలి. ఖాళీ ఇల్లని రాసేస్తే ఆ కుటుంబం నమూనాలోకి వచ్చే దారి అక్కడితో మూసుకుపోయినట్టే.

ఊరు మరీ పెద్దదైతే ముక్కలు చేస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మూడొందల ఇళ్ళు దాటితే నూరు, నూట యాభై ఇళ్ళ ముక్కలు చేసి రెండింటిని తీసుకుంటారు. మొత్తం మీద ఒక్కో ఊరికి 22 ఇళ్ళు. మీ సర్వేలో అంకెలు వేరుగా ఉండొచ్చు, లెక్క మాత్రం ఇదే. లిస్టులో 130 కుటుంబాలు, కావాల్సింది 20 అనుకోండి. 130ని 20తో భాగిస్తే 6.5. సున్నాకీ 6.5కీ మధ్య ఒక యాదృచ్ఛిక అంకె ఇస్తారు, 2.3 అనుకుందాం. దానికి 6.5 కలుపుకుంటూ పోతే 2.3, 8.8, 15.3, 21.8... వీటిని పైకి సవరిస్తే 3, 9, 16, 22వ ఇళ్ళు. మొదట్లోనే 6.5ని 6కి కుదించేస్తే ఊరి చివరి ఇళ్ళు ఎప్పటికీ రావు. మన ఊళ్ళలో ఆ చివర ఎవరుంటారో మీకు చెప్పక్కర్లేదు.

పడిన ఇంటికి తాళం ఉంటే పక్కిల్లు తీసుకోకూడదు. రోజంతా తెరిచి ఉండే ఇళ్ళు ఒక రకం, తాళం పడే ఇళ్ళు ఒక రకం. పక్కింటితో సరిపెడితే కూలికెళ్ళేవాళ్ళు తగ్గి, ఇంటిపట్టున ఉండే ముసలివాళ్ళు పెరుగుతారు. మూడు సార్లు, మూడు వేరువేరు వేళల్లో వెళ్ళాలని చాలా సర్వేల నియమం. ఒకే పొద్దున మూడుసార్లు తలుపు తట్టి "మూడు విజిట్లు" అని రాసేవాళ్ళున్నారు. ట్యాబ్‌లో సమయం పడుతుంది కాబట్టి అది దాగదు.

ఏ వేళ అన్నది ఊరి పనిని బట్టి. ఎండాకాలం ఉపాధి పని నడుస్తున్నప్పుడు ఆడవాళ్ళు తెల్లవారుజామునే పోయి పదకొండు దాటాక వస్తారు, వచ్చాక వంట, స్నానం. కాబట్టి సాయంత్రం నాలుగు తర్వాతే. ఉడుపులప్పుడూ కోతలప్పుడూ పగలు ఊరంతా పొలంలోనే. ఉద్దానంలో జీడి పిక్కలు ఏరే రోజుల్లో పొద్దుట వెళ్ళి లాభం లేదు. నెల ఒకటో తారీకు పెన్షన్ల రోజు, సచివాలయం సిబ్బందిని ఆ రోజు ఏమీ అడక్కండి. సిరిమాను జాతర రోజున విజయనగరం చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటర్వ్యూ పెట్టుకోవడం వృథా. వలస వెళ్ళిన మగవాళ్ళతోనే మాట్లాడాల్సిన సర్వే అయితే రెండు కాలాలే దొరుకుతాయి. ఒకటి సంక్రాంతి ముందూ వెనకా. రెండోది తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం రోజులు.

వలస మాట వచ్చింది కాబట్టి, ఇంట్లో ఎవరిని లెక్కలోకి తీసుకోవాలన్నది ఇక్కడే చెప్తాను. మన రెండు జిల్లాల్లో ఇంతకన్నా మెలికైన ప్రశ్న లేదు. మత్స్యకార పేటలో "మీ ఇంట్లో ఎంతమంది?" అంటే భార్య "అయిదుగురం" అంటుంది. అందులో భర్త గుజరాత్‌లో వెరావల్ బోటు మీద ఉంటాడు, వెళ్ళి ఏడు నెలలు. కొడుకు చెన్నైలో తాపీ పని, పండక్కి వచ్చి వెళ్ళాడు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. కానీ జాతీయ నమూనా సర్వే లెక్కలో ఆరు నెలలకు మించి బయటున్నవాళ్ళు ఆ కుటుంబ సభ్యులు కారు, వాళ్ళు పంపే డబ్బు మాత్రం లెక్కలోకి వస్తుంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో అలవాటుగా ఉండేవాళ్ళతో పాటు నిన్న రాత్రి అక్కడ పడుకున్న చుట్టాన్నీ జాబితాలో రాస్తారు. మీ సర్వే మాన్యువల్లో ఏది ఉంటే అది. ముందు ఆవిడ చెప్పిన పేర్లన్నీ రాసుకోండి, అడ్డుపడకండి. ఆ తర్వాత ఒక్కొక్కరికీ "ఇప్పుడెక్కడున్నారు, ఎప్పుడెళ్ళారు, మళ్ళీ ఎప్పుడొస్తారు" అని అడిగి, నియమం ప్రకారం తేల్చండి. "మీ ఆయన లెక్కలోకి రాడమ్మా" అని మాత్రం పైకి అనకండి. ఆ మాటతో ఇంటర్వ్యూ ముగిసిపోతుంది.

మరిచిపోయేవాళ్ళు ఎప్పుడూ ఒకలాంటివాళ్ళే: పసిపిల్లలు, పురిటికొచ్చిన కూతురు, పంచలో మంచం మీదున్న ముసలమ్మ, హాస్టల్లో చదివే పిల్లలు. జాబితా అయ్యాక ఈ నలుగురి గురించీ విడివిడిగా అడగాలి.

ఇంటివాళ్ళ జాబితాలోంచి జవాబు చెప్పాల్సిన ఒకరిని ఎంచే పని ట్యాబే చేస్తుంది, లేదా కిష్ పట్టిక ఉంటుంది, ఎవరి పేరు తీసుకోవాలో అందులోనే ఉంటుంది. 1949లో లెస్లీ కిష్ ఇచ్చిన పద్ధతి అది. కోడలి పేరు పడితే కోడలితోనే మాట్లాడాలి. అత్తగారు "దానికేం తెలీదు, నన్నడగండి" అంటుంది. "మీకు ఎక్కువ తెలుసని నాకూ తెలుసు మామ్మా, కానీ మిషన్ ఈ పేరే ఇచ్చింది, మార్చడానికి నాకు వీల్లేదు" అంటే చాలాసార్లు ఒప్పుకుంటుంది. పిల్లలు, గర్భాలు, ఇంట్లో దెబ్బలు లాంటి విషయాలకి ఏకాంతం కుదరకపోతే ఆ భాగం అడక్కూడదు. హింస గురించిన ప్రశ్నలు ఇంటికి ఒక్క ఆడమనిషినే, ఎవరూ లేనప్పుడే అడుగుతారు, మధ్యలో ఎవరైనా వస్తే వెంటనే ఆపేస్తారు. ఆ సమయానికి మాట మార్చడానికి తాగునీరు, రేషను లాంటి రెండు మామూలు ప్రశ్నలు సిద్ధంగా పెట్టుకోండి. తోడికోడళ్ళ మధ్య అడిగిన ప్రశ్నకి వచ్చిన "లేదు" కన్నా "ఏకాంతం దొరకలేదు" అన్న కోడే విలువైనది.

ఇక ప్రశ్న. రాసినది రాసినట్టు చదవాలి. అర్థం కాకపోతే మళ్ళీ అదే నెమ్మదిగా చదవాలి. అప్పటికీ కాకపోతే ట్రైనింగులో అందరూ ఒప్పుకున్న మాట వాడాలి. అందరూ ఒప్పుకున్నది అన్నదే ముఖ్యం. ప్రశ్నాపత్రం పుస్తకాల తెలుగులో ఉంటుంది, మందస అవతల ఒరియా, సవర మాట్లాడే ఇళ్ళుంటాయి. ఒక్కో ఇన్వెస్టిగేటరు ఒక్కోలా చెప్తే పదిమంది పది సర్వేలు చేసినట్టే. అక్కడ దుబాసీగా ఆ ఇంటి పిల్లాడినో, ఊరి నాయకుడినో పెట్టుకోకండి. భాష వచ్చిన ఇన్వెస్టిగేటరుని అడగండి.

తెలుగులో మనకున్న పెద్ద జబ్బు "కదా". "మరుగుదొడ్డి ఉంది కదండీ?", "అప్పులేం లేవు కదమ్మా?" మర్యాదకి అన్నట్టే ఉంటుంది, జవాబు మాత్రం మనమే చెప్పేసినట్టు. ఎదుటి మనిషి కాదనడానికి మొహమాటపడతారు. "మీ ఇంట్లోవాళ్ళు మామూలుగా ఎక్కడికి వెళ్తారు?" అని అడిగి ఊరుకోండి. అయిదు సెకన్లు ఊరుకోవడం కొత్తలో చాలా కష్టం, కానీ అసలు జవాబు ఆ అయిదు సెకన్ల తర్వాతే వస్తుంది. "అయ్యో", "చాలా మంచిది" లాంటివి కూడా వద్దు. "సరేనండి" ఒక్కటి చాలు.

అప్పుల గురించి ఒక్క ప్రశ్నతో తేలదు. "లేవు" అనే మనిషికే డ్వాక్రా లోను ఉంటుంది, బంగారం బ్యాంకులో ఉంటుంది, ఎరువుల షాపులో ఖాతా ఉంటుంది, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు ఉంటుంది. చివరిదాన్ని జనం అప్పు అనుకోరు. ఫారంలో ఒక్కో మూలం పేరూ ఇచ్చి ఉంటే అన్నీ చదవండి, "ఇంకేం లేవుగా" అని దాటెయ్యకండి. ధాన్యం బస్తాల్లో చెప్తే బస్తా ఎన్ని కిలోలో అడగండి, 75 అనే ఊరూ ఉంది, 80 అనే ఊరూ ఉంది. భూమి ఎకరాల్లో, సెంట్లలో రాయండి (100 సెంట్లు ఒక ఎకరం). కుంచాలు, పుట్లలో చెప్తే ఆ ఊరి కొలత పక్కన రాసి పెట్టండి, సొంతంగా మార్చకండి.

ఆడవాళ్ళ పని విషయంలో సర్వేలు ఎక్కువగా దెబ్బతింటాయి. "ఏ పనీ లేదు, ఇంట్లోనే" అన్న జవాబు తీసుకుని దాటిపోతే, పలాసలో ఇంటిదగ్గర జీడిపప్పు పొట్టు తీసే మనిషి, భావనపాడులో చేపలు ఎండబెట్టే మనిషి, రెండు గేదెల పాలు పోసే మనిషి ముగ్గురూ నిరుద్యోగులు కూడా కారు, అసలు లెక్కలోనే ఉండరు. కార్మిక శక్తి సర్వేలో గత ఏడు రోజుల్లో ఏ ఒక్కరోజైనా ఒక గంట పని చేస్తే ఆ వారం పని చేసినట్టే. ఏడాది లెక్కలో ఎక్కువ కాలం చేసింది ముఖ్య పని, 30 రోజులకి తగ్గకుండా చేసిన ఇంకోటి ఉంటే అది ఉప పని. కాబట్టి "పని" అని ఒక్క మాటతో అడక్కండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పించి, దాంట్లోంచి ఏరండి.

వయసులు, తారీకులు ఇంకో తంటా. ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది పుట్టినరోజు కాదని అనుమానించండి. నలభై, నలభై అయిదు, యాభై అని గుండు అంకెలు వరసగా పడుతున్నాయంటే మీరు అడగడం మానేశారన్నమాట. ఊరి జ్ఞాపకాల పట్టిక ఒకటి జేబులో ఉండాలి: 2018 అక్టోబరు 11 తిత్లీ తుపాను, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2013లో అదే తారీకున ఫైలిన్, 2020 మార్చి లాక్‌డౌను, 2016 నవంబరు నోట్ల రద్దు, 2009 సెప్టెంబరులో వైఎస్ పోవడం, 1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అవడం, 1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పాటు. "తిత్లీకి పాప కడుపులో ఉందా, చంకలో ఉందా?" అంటే తల్లి టక్కున చెప్తుంది. కవిటి, సోంపేట వైపు కొబ్బరి పడిపోయిన ఏడాదిని ఎవరూ మర్చిపోరు. టీకాల కార్డు ఉంటే తారీకు కార్డులోంచే రాయాలి, నోటి మాటలోంచి కాదు.

ఇక జనం భయం. మనవైపు ఇంటికొచ్చి పేర్లు రాసుకునేవాళ్ళంటే రేషను కార్డుకో, పెన్షనుకో ఎసరొచ్చిందనుకుంటారు. లేదా కొత్తగా ఏదో ఇస్తారనుకుని ఆస్తి తగ్గించి చెప్తారు. రెండూ జవాబుల్ని వంచేవే. మొదటి నిమిషంలోనే మీరెవరు, ఎవరి తరఫున, ఎంతసేపు పడుతుంది, దీనివల్ల కార్డు పోదు, కొత్తది రాదు, ఇష్టం లేని ప్రశ్న వదిలేయవచ్చు, మధ్యలో ఆపేయవచ్చు అని చెప్పండి. గంట పట్టేదాన్ని పది నిమిషాలనకండి, పదకొండో నిమిషానికి పట్టుబడతారు. సంతకం రానివాళ్ళకి వేలిముద్ర, పక్కన మీ టీముకి చెందని సాక్షి. 18 ఏళ్ళ లోపు పిల్లలైతే తల్లి లేక తండ్రి అనుమతి కావాలి. ఏడేళ్ళు దాటితే ఆ పిల్లల ఒప్పుదల కూడా కావాలి. అనుమతి లేఖ పంచాయతీ కార్యదర్శికీ, సర్పంచికీ, పోలీస్ స్టేషన్లోనూ చూపించండి. అంతవరకే. సర్పంచి మనిషిని వెంటేసుకుని ఇళ్ళకెళ్తే ఆయన పార్టీ మీ మెడలో కార్డు కన్నా ముందు కనిపిస్తుంది.

ఉద్దానంలో సంగతి వేరు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కిడ్నీ జబ్బు మీద ఎన్నో బృందాలు వచ్చి రక్తం తీసుకెళ్ళాయి. "మీరూ పట్టికెళ్తారు, మాకేటొచ్చింది?" అన్న మాట ఆరోపణ కాదు, అనుభవం. రిపోర్టు ఇస్తారా, ఎన్ని రోజులకి, ఎవరి చేతికి, ఫోనుకా కాగితమా అన్నది మీ సంస్థ దగ్గర ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఇవ్వరంటే ఇవ్వరనే చెప్పండి. రక్తం, మూత్రం తీసే సర్వే అయితే స్టిక్కరు ముందు ఫారం మీద, తర్వాత సీసా మీద, రెండూ ఆ ఇంట్లో ఉండగానే అతికించాలి. సాయంత్రం ఒకేసారి అతికిద్దామనుకుంటే ఒకరి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే పరీక్ష) ఇంకొకరి పేరు మీదకి పోతుంది. నీళ్ళు తాగమనో, ఏ మందు మంచిదనో సలహా ఇవ్వకండి. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉంది. రిఫరల్ చీటీ ఇచ్చే ఏర్పాటు ప్రాజెక్టులో ఉంటే అది ఇచ్చి ఊరుకోండి.

ట్యాబ్ గురించి క్లుప్తంగా. తారీకు, సమయం ఆటోమేటిక్‌లోనే ఉంచాలి. జీపీఎస్ ఆరుబయట, కొబ్బరి నీడ తప్పించుకుని, ఖచ్చితత్వం పది మీటర్ల లోపుకి వచ్చాక తీయాలి. గుమ్మం దాటకముందే ఫారం ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోవాలి, రాత్రి లాడ్జిలో గుర్తొచ్చిన తప్పుకి మందు లేదు. సున్నా, ఖాళీ, "తెలీదు", "చెప్పనన్నారు" నాలుగూ వేరు. రోజూ రాత్రి డేటా పంపి, వెళ్ళిన సంఖ్య, సర్వర్లో చేరిన సంఖ్య సరిచూసుకోండి. సిగ్నల్ లేని గూడల్లో ఉన్న రోజుల్లో కాగితం మీద ఇంటి నంబర్లు రాసి ఉంచుకుంటే చాలు.

మోసం సంగతీ చెప్పాలి, ఎందుకంటే మొదటి వారంలోనే ఎవరో ఒక "కిటుకు" నేర్పుతారు. "పశువులున్నాయా?" దగ్గర లేవని కొడితే పాతిక ప్రశ్నలు తప్పుతాయి. పదిహేనేళ్ళ పిల్లని పద్నాలుగనీ, 49 ఏళ్ళావిడని 50 అనీ రాస్తే, 15 నుంచి 49 ఏళ్ళవాళ్ళకి ఉండే ఆడవాళ్ళ ఫారం తప్పుతుంది. నాలుగేళ్ళ పిల్లాడిని అయిదేళ్ళు చేస్తే టీకాలు, తూకం తప్పుతాయి. ఇవన్నీ ఒక్కో ఇంటర్వ్యూలో కనిపించవు. కానీ ఒక ఇన్వెస్టిగేటరు ఫారాలన్నీ కలిపితే 14, 50 దగ్గర గుట్టలు, 15, 49 దగ్గర గుంటలు కనిపిస్తాయి. ఇంటర్వ్యూ నిడివి, ఒకే చోట కుప్పపడ్డ జీపీఎస్ చుక్కలు, అక్కడక్కడా రికార్డయ్యే ఆడియో, పదింట ఒక ఇంటికి జరిగే బ్యాక్‌చెక్ (ఇంకొకరు మళ్ళీ వెళ్ళి అడిగి సరిచూడటం) అన్నీ చూస్తారు. దొరికితే ఆ ఫారం ఒక్కటే పోదు, మీరు చేసినవన్నీ పక్కన పెడతారు.

ఆ కిటుకులకి మూలం చాలాసార్లు జీతం పద్ధతే. ఫారానికింత అని ఇచ్చే చోట రోజుకి గంటన్నర ఇంటర్వ్యూలు ఎనిమిది చేయమని ఒత్తిడి ఉంటుంది. నడకా, తాళం ఇళ్ళూ కలుపుకుంటే అది నిజాయితీగా అయ్యే పని కాదు. రోజు కూలి లేక నెల జీతం ఇచ్చే ప్రాజెక్టు మేలు. చేరేముందు ఇవి అడగండి: ట్రైనింగు రోజులకి డబ్బిస్తారా, తాళం ఇంటికి మూడుసార్లు తిరిగిన రోజుకి లెక్కేమిటి, బండి పెట్రోలు ఎవరిది, ఊళ్ళో ఉండాల్సి వస్తే బస ఎక్కడ, ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్ళే ఏర్పాటుందా, ప్రమాద బీమా ఉందా, ఫారం తిరస్కరిస్తే కారణం రాసి ఇస్తారా, చివరి విడత డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు. చివరిది ఒప్పందంలో లేకపోతే సంతకానికి ముందే పెట్టించుకోండి. ఫీల్డు ముగిసి టీము విడిపోయాక అడగడానికి ఫోను ఎత్తేవాళ్ళు ఉండరు.